బాగా వంగిన కాళ్లకు ఎలాంటి మోకాలు వేయాలి?

మోకాలి మార్పిడి చేయించుకుని ఇంటికొచ్చిన మనిషిని చూడ్డానికి వచ్చినవాళ్లు అడిగే మొదటి మాట "ఏ కంపెనీది వేశారు?" ఆ తర్వాత "ఇంపోర్టెడేనా?" ఆ తర్వాత ఖర్చు. మామూలుగా అరిగిన మోకాలి విషయంలో ఈ ప్రశ్నలతో పెద్ద నష్టం లేదు. కాళ్లు బయటికి బాగా వంగిపోయి, నిలబడితే రెండు మోకాళ్ల మధ్య జానెడు సందు కనిపించే మనుషుల విషయంలో మాత్రం ఇవి దారి తప్పించే ప్రశ్నలు. ఆపరేషన్‌కు ముందు ఇంట్లోవాళ్లు వీటి చుట్టూనే తిరుగుతూ, అసలు అడగాల్సినవి అడక్కుండా సంతకాలు పెట్టేస్తున్నారు. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

దొడ్డికాళ్లు ముదిరినవాళ్లకు ఇంప్లాంట్, అంటే లోపల అమర్చే కృత్రిమ మోకాలు, ఎంచుకోవడమంటే లోహం ఎంచుకోవడం కాదు. ఆ మోకాలు పక్కలకు ఊగకుండా ఇంప్లాంట్‌లోనే ఎంత పట్టు ఉండాలి, అరిగి కుంగిన ఎముకను దేంతో నింపాలి, కింది ఎముక గొట్టంలోకి స్టెమ్ అనే ఊత కడ్డీ దించాలా వద్దా అన్నవి తేల్చుకోవడం. వీటి ముందు లోహం రంగు, కంపెనీ పేరు చాలా చిన్న విషయాలు.

మోకాల్లో జరిగేది ఇది. తుంటి బంతి మధ్య నుంచి చీలమండ మధ్యకు ఒక గీత గీస్తే, తిన్నగా ఉన్న కాలిలో అది మోకాలి నడిమికి దగ్గరగా పోతుంది. కాలు బయటికి వంగితే ఆ గీత మోకాలి లోపలి వైపుకు జరుగుతుంది. బరువంతా అటే పడుతుంది. అక్కడి గుజ్జు అరుగుతుంది, అరిగినకొద్దీ కాలు ఇంకా వంగుతుంది, వంగినకొద్దీ ఇంకా అరుగుతుంది. గుజ్జు పూర్తిగా పోయాక ఎముకే అరగడం మొదలవుతుంది. మోకాలి కింది ఎముక పైభాగంలో లోపలి వైపు, ముఖ్యంగా వెనక మూలన, గుంట పడుతుంది. ఈలోగా లోపలి వైపు లిగమెంట్, అంటే ఎముకలను కలిపి పట్టుకునే గట్టి పట్టీ, కుదించుకుపోతుంది, బయటి వైపుది సాగిపోతుంది. ఒక పక్క నవారు బిగుసుకుని ఇంకో పక్క వేలాడుతున్న మంచం మీద కొత్త పరుపు వేస్తే ఎలా ఉంటుందో, ఈ లిగమెంట్ల సంగతి చూడకుండా ఎముక కోసి లోహం తొడిగితే అలా ఉంటుంది. ఎక్స్‌రేలో తిన్నగా కనిపిస్తుంది, అడుగు వేస్తే ఊగుతుంది.

మా అమ్మ బాపట్ల దగ్గర పల్లెలో నాట్లు, కలుపులు, మిరపకోతలతో బతుకంతా గడిపిన మనిషి. అడుగు వేసిన ప్రతిసారీ కుడి మోకాలు బయటికి తోసుకొచ్చేది. మొదట చూపించిన ఆసుపత్రిలో పడుకోబెట్టి మోకాలి వరకే ఎక్స్‌రే తీశారు. బయటికొచ్చేసరికి కౌంటర్‌లో మూడు రకాల ప్యాకేజీల కాగితం చేతిలో పెట్టారు. మూడింటికీ తేడా లోహమే. కాలు ఎన్ని డిగ్రీలు వంగింది అని అడిగితే చెప్పడానికి వాళ్ల దగ్గర కొలతే లేదు.

తర్వాత గుంటూరులో కలిసిన ఒక పెద్ద సర్జన్ ముందు ఆ ఫిల్మ్ పక్కన పెట్టేశారు. అమ్మను నిలబెట్టి తుంటి నుంచి చీలమండ దాకా పొడుగాటి ఎక్స్‌రే తీయించారు. దాని మీద గీతలు గీసి చూపించారు. వంపు 20 డిగ్రీలు దాటింది. అందులో కొంత మోకాల్లో ఉంది, కొంత తొడ ఎముకలోనే ఉంది. తొడ ఎముకను కోసేటప్పుడు సాధారణంగా దాని మూలుగు గొట్టంలోకి రాడ్ దించి, దానికి 5 నుంచి 7 డిగ్రీల వాలులో కోత పెడతారు. ఎముకే వంగి ఉంటే ఆ లెక్క చాలదు. మోకాలి వరకే తీసిన ఫిల్మ్‌లో ఈ వంపు కనపడనే కనపడదు. కాబట్టి నా మొదటి పట్టుదల ఇది: నిలబెట్టి తీసిన పొడుగు ఎక్స్‌రే చూడకుండా, వంగిన కాలికి ఇంప్లాంట్ పేరు చెప్పేవాళ్ల మాట నమ్మవద్దు.

మన ప్రాంతాల్లో దీనికి ఇంకో కారణం కూడా ఉంది. 1937లోనే మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెల నుంచి ఫ్లోరోసిస్ గురించి వైద్య పత్రికల్లో రాశారు. నల్లగొండ పల్లెల్లో ఫ్లోరైడ్ నీళ్లు తాగిన పిల్లల కాళ్లు మోకాళ్ల దగ్గర లోపలికి వంగడాన్ని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 1970లలో వివరించారు. అది దొడ్డికాళ్లకు ఎదురు దిశ. కానీ పాఠం ఒకటే. చిన్నప్పుడు ఫ్లోరైడ్ వల్లో, డి విటమిన్ లోపం వల్లో ఎముక నడుమే వంకర తిరిగితే, ఆ వంకర కీలులో లేదు, కీలుకు దూరంగా ఉంది. దాన్ని కీలు దగ్గర కోతతోనే సరిదిద్దబోతే ఒక్కోసారి లిగమెంట్ అతుక్కున్న చోటే తెగిపోతుంది. అలాంటప్పుడు ముందు ఎముకను వేరే చోట కోసి తిన్నగా చేయాల్సి రావచ్చు. ఇది పొడుగు ఫిల్మ్ మీద తప్ప తేలదు.

ఇక పట్టు సంగతి. డాక్టర్లు దీన్ని కన్‌స్ట్రెయింట్ అంటారు. నా వాదనకు గుండెకాయ ఇదే కాబట్టి కాస్త వెనక నుంచి వస్తాను.

1890లో బెర్లిన్‌లో థెమిస్టోక్లెస్ గ్లుక్ అనే సర్జన్ ఏనుగు దంతంతో చేసిన మోకాలిని మనిషికి అమర్చాడు. అది మడతబందు లాంటి అమరిక. 1951లో స్వీడన్‌లో వాల్డియస్ చేసిందీ మడతబందే. మోకాలంటే మడిచి చాపేది, కాబట్టి బందు వేస్తే సరిపోతుందని ఎవరికైనా తోస్తుంది. కానీ అసలు మోకాలు మడిచేటప్పుడు కొద్దిగా మెలి కూడా తిరుగుతుంది. బందు ఆ మెలి తిరగనివ్వదు. తిరగలేని ఆ బలమంతా ఎముకకూ ఇంప్లాంట్‌కూ మధ్య అతుకు మీద పడుతుంది. అడుగడుక్కీ పడుతుంది. ఆ పాత బందులు చాలావరకు వదులైపోయాయి, కొన్నిట్లో చీము పట్టింది.

దారి మారింది 1974లో. న్యూయార్క్‌లోని హాస్పిటల్ ఫర్ స్పెషల్ సర్జరీలో జాన్ ఇన్సాల్, చిత్తరంజన్ రణావత్, పీటర్ వాకర్ కలిసి టోటల్ కండైలర్ అనే మోకాలిని తెచ్చారు. తొడ ఎముక చివరకు లోహపు తొడుగు, కింది ఎముక మీద ప్లాస్టిక్ పలక. రెండింటినీ కలిపే బందు లేదు. మోకాలు నిలబడేది మనిషి సొంత లిగమెంట్ల బలం మీదే. 1978లో ఇన్సాల్, ఆల్బర్ట్ బర్‌స్టీన్ ఆ ప్లాస్టిక్ మధ్యలో ఒక చిన్న స్తంభం చేర్చి, మోకాలి లోపల వెనక వైపు ఉండే క్రూసియేట్ అనే లిగమెంట్ పని దానికి అప్పగించారు. ఈ రణావత్ మధ్యప్రదేశ్‌లో పుట్టినవాడు. 2000లోనూ 2001లోనూ ముంబై బ్రీచ్ క్యాండీ ఆసుపత్రిలో అప్పటి ప్రధాని వాజ్‌పేయి మోకాళ్లు మార్చింది ఆయనే. మన ఇళ్లలో ఎంతోమంది మోకాలి మార్పిడి అనే మాట మొదటిసారి విన్నది ఆ వార్తల్లోనే.

ఇప్పుడు సర్జన్ చేతిలో మెట్లు మెట్లుగా ఎంపికలున్నాయి. వెనక క్రూసియేట్‌ను ఉంచేది సీఆర్. దాన్ని తీసేసి స్తంభంతో నడిపించేది పీఎస్. ఆ స్తంభాన్నే ఎత్తుగా, వెడల్పుగా చేసి, పక్కలకు ఊగకుండా కూడా ఆపేది సీసీకే. ఆ పైన, లిగమెంట్లు పూర్తిగా పోయినవాళ్లకు, కొద్దిగా మెలి తిరగనిచ్చే కొత్తరకం రొటేటింగ్ హింజ్. మెట్టు పైకెక్కిన కొద్దీ మోకాలికి పట్టు పెరుగుతుంది, ఎముక అతుకు మీద ఒత్తిడీ పెరుగుతుంది. అందుకే సీసీకే, హింజ్ వేసినప్పుడు ఆ ఒత్తిడిని పంచుకోవడానికి ఎముక గొట్టంలోకి స్టెమ్‌లు దించుతారు. ఎముకా ఎక్కువ కోస్తారు. రేపు ఎప్పుడైనా మళ్లీ మార్చాల్సి వస్తే మిగిలే ఎముక తక్కువ.

బాగా వంగిన కాళ్ల విషయంలో సర్జన్ల మధ్య అసలు తగవు ఇక్కడే. ఇంత వంపు ఉంటే తిప్పలు పడకుండా నేరుగా సీసీకే వేస్తే పోతుంది, మోకాలు ఊగదు, ఆపరేషన్ త్వరగా అవుతుంది అని ఒకరు మాతో అన్నారు. గుంటూరు డాక్టర్ గారు ఒప్పుకోలేదు. "ముందు ఎముక ముళ్లు తీయనీయండమ్మా, సగం కాలు దానికే తిన్నగవుతుంది" అన్నారు. నేను ఆయన వైపే. లోపలి లిగమెంట్ కింద పెరిగిన ఎముక ముళ్లు దాన్ని పైకెత్తి బిగదీస్తుంటాయి. అవి తీసేస్తేనే చాలా బిగువు వదులుతుంది. ఇంకా మిగిలితే కింది ఎముక లోపలి అంచును కొద్దిగా చెక్కి, దాని మీద కూర్చునే ఇంప్లాంట్ ప్లేటును ఒక సైజు తగ్గించి కాలి బయటి వైపుకు జరుపుతారు. ఇంకా మిగిలితే లిగమెంట్‌ను సూదితో అక్కడక్కడా గుచ్చి కొద్దికొద్దిగా సాగదీస్తారు. ఓపికగా, మెట్టు మెట్టుకీ కొలుచుకుంటూ చేయాల్సిన పని. బయటి వైపు కాస్త వదులు మిగిలినా చాలామందికి నడకలో ఇబ్బంది ఉండదు. ఇవన్నీ చేశాక పీఎస్‌తోనే మోకాలు నిలబడితే దానికి మించి పట్టు ఎందుకు?

అలాగని సీసీకేను చెడ్డదనడం లేదు. లిగమెంట్ మరీ సాగిపోయినా, వదులు చేసే పనిలో చేయి జారి తెగినా, సీసీకే లేకపోతే ఆ మనిషి ఊగే మోకాలితో మిగిలిపోతుంది. 80 దాటి, ఎముక మెత్తబడి, రెండోసారి ఆపరేషన్‌కు తట్టుకోలేని మనిషికి మొదటే ఒక మెట్టు పైది వేయడం న్యాయమే కావచ్చు. 60 ఏళ్ల మనిషికి అదే పని చేస్తే మాత్రం ఆమె ముందున్న పాతికేళ్ల లెక్క ఎవరు చూసుకుంటారు? వేసిన మోకాళ్లన్నిటినీ నమోదు చేసే ఆస్ట్రేలియా రిజిస్ట్రీలో తక్కువ పట్టు ఉన్న ఇంప్లాంట్లు తిరిగి ఆపరేషన్‌కు తక్కువగా వస్తున్నాయి. దీన్ని యథాతథంగా వాదనకు వాడుకోవడం కూడా సరికాదు, ఎందుకంటే కష్టమైన మోకాళ్లకే ఎక్కువ పట్టు ఉన్నవి వేస్తారు. అయినా అవసరాన్ని మించి పట్టు వేయొద్దన్న మాట దానికి విరుద్ధంగా లేదు.

దీన్నుంచి పుట్టే ప్రశ్న చాలా మామూలుది, చాలామంది అడగనిది. ఇంప్లాంట్ ఎంపిక చివరకు పూర్తయ్యేది ఆపరేషన్ బల్ల మీదే. మోకాలు తెరిచి, ముళ్లు తీసి, బిగువు చూశాకే ఏ మెట్టు కావాలో తేలుతుంది. అప్పుడు సీసీకే సెట్, స్టెమ్‌లు ఆ గదిలో ఉన్నాయా? లేక ఫోన్ చేస్తే వేరే ఊరి నుంచి రావాలా? ఒక ఆసుపత్రి అంచనా కాగితంలో స్టెమ్‌కు లైనే లేదు. అడిగితే, అవసరమైతే మధ్యలో చెప్తాం అన్నారు. మనిషి కాలు తెరిచి ఉన్నప్పుడు బయట కూర్చున్న పిల్లలు ఏ నిర్ణయం తీసుకోగలరు? ఎంత టెన్షన్ అది! ఆపరేషన్‌కు ముందే ఈ లెక్క తేల్చడం ఆసుపత్రి బాధ్యత.

కుంగిన ఎముక సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. గుంట 5 మిల్లీమీటర్ల లోపు ఉంటే సిమెంట్‌తో నింపితే సరిపోతుంది. 10 దాకా ఉంటే సిమెంట్‌లో స్క్రూలు బిగించడమో, కోసి తీసిన సొంత ఎముక ముక్కనే అక్కడ అతికించడమో చేస్తారు. అంతకు మించితే సొంత ఎముకను పెద్ద ముక్కగా వాడాలి, లేదా ప్లేటు కింద లోహపు దిమ్మె పెట్టాలి. ఇవి సుమారు హద్దులే, సర్జన్‌ను బట్టి మారతాయి. నాకు సొంత ఎముక వాడటమే బాగనిపిస్తుంది. ఎలాగూ పారేసే ముక్క, అతుక్కుంటే ఆ చోట మళ్లీ ఎముకే మిగులుతుంది. కానీ అది అతుక్కునే దాకా బరువును వేరే ఏదో మోయాలి. ఆ మోసేది స్టెమ్. స్టెమ్‌తో చిక్కులూ ఉన్నాయి. వంగిన ఎముకలో దాని కొన గొట్టం గోడకు తగలొచ్చు, కొందరికి ఆ కొన దగ్గర నొప్పి మిగలొచ్చు. అందుకని అందరికీ స్టెమ్ వేసేయాలని కాదు. గుంట లోతు ఎంత, దేంతో నింపుతున్నారు, దాన్ని ఏది మోస్తుంది అని అడగాలి. ఈ మూడింటికీ ఒకదానితో ఒకటి పొసిగే జవాబు వస్తే ఆ సర్జన్ మీ కాలి గురించి నిజంగా ఆలోచించినట్టే.

లోహం గురించి త్వరగా ముగిస్తాను. ప్రపంచంలో ఎక్కువ మోకాళ్లు కోబాల్ట్ క్రోమియంవే. బంగారు రంగులో మెరిసే మోకాలు అంటే దాని మీద టైటానియం నైట్రైడ్ పూత. నికెల్ పడనివాళ్లకు ఆ పూతకో, ఆక్సిడైజ్డ్ జిర్కోనియం అనే లోహానికో అర్థం ఉంది. మిగతావాళ్లకు అది ఎక్కువ కాలం నిలుస్తుందని తేల్చిన గట్టి ఆధారం నేను చూడలేదు. ముప్పై ఏళ్ల హామీలు యంత్రాల మీద తిప్పి చూసిన లెక్కలు. మనుషుల లెక్క వేరే ఉంది: ఆస్ట్రేలియా, ఫిన్లాండ్ రిజిస్ట్రీలను కలిపి 2019లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం పూర్తి మోకాలి మార్పిళ్లలో దాదాపు 82 శాతం 25 ఏళ్లు నిలుస్తాయి. అవి పాత, మామూలు లోహాలతో వేసినవే. లోహం కంటే ప్లాస్టిక్ గురించి అడగడం మేలు. అరుగుదల తగ్గేలా గట్టిపరిచిన క్రాస్‌లింక్డ్ ప్లాస్టిక్ వేసినవి తక్కువగా తిరిగొస్తున్నట్టు ఆస్ట్రేలియా లెక్కల్లో ఉంది. ఇక కింద కూర్చోవచ్చు, బాసింపట్టు వేయొచ్చు అని అమ్మే హై ఫ్లెక్స్ రకాలు మామూలు వాటి కంటే చెప్పుకోదగ్గంత ఎక్కువ వంగుతాయని అధ్యయనాల్లో తేలలేదు. ఆపరేషన్‌కు ముందు మోకాలు ఎంత వంగేదో, తర్వాత వంగడం చాలావరకు దాన్నిబట్టే ఉంటుంది.

ధర విషయంలో ప్రభుత్వం మంచి పనే చేసింది. 2017 ఆగస్టులో కోబాల్ట్ క్రోమియం సెట్‌కు 54,720 రూపాయలు, ప్రత్యేక లోహాలకు 76,600, మళ్లీ మార్చేటప్పుడు వేసే రివిజన్ సెట్‌కు 62,770 అని గరిష్ఠ ధర పెట్టారు. అంతకు ముందు కోబాల్ట్ సెట్టే సగటున లక్షన్నర దాటి పలికేది. అంటే ఆ హద్దుల ప్రకారం లోహానికీ లోహానికీ మధ్య తేడా పాతికవేల లోపు. ప్యాకేజీల మధ్య తేడా అంతకు ఎన్నో రెట్లు ఉంటే, ఆ మిగతాది దేనికో అడిగే హక్కు మనకుంది.

ఎంత తిన్నగా చేయాలన్నది ఇంకో తగవు. ఇంట్లోవాళ్లు స్కేలు పెట్టి గీసినట్టు ఉండాలంటారు. బెల్జియంలో బెల్‌మాన్స్ బృందం 2012లో ఆరోగ్యంగా ఉన్న యువతీ యువకుల కాళ్లు కొలిస్తే, మగవాళ్లలో 32 శాతం మందికి, ఆడవాళ్లలో 17 శాతం మందికి సహజంగానే 3 డిగ్రీలో అంతకంటే ఎక్కువో వంపు కనిపించింది. అలాంటి కాలిని బలవంతంగా సున్నాకు తెస్తే లిగమెంట్లను ఎక్కువ కోయాలి, అప్పుడు మళ్లీ ఎక్కువ పట్టున్న ఇంప్లాంట్ కావాలి. రెండు మూడు డిగ్రీల వంపు మిగిల్చిన సర్జన్‌ను పని రానివాడు అనుకోకూడదు. 20 డిగ్రీల కాలిలో 10 మిగిలిస్తే అది వేరే మాట, అది అతుకు మీద భారం. రోబో ఉందా లేదా అన్న ప్రశ్న వీటి తర్వాతే. కోత కచ్చితంగా రావడానికి రోబో సాయపడుతుంది. ఎక్కడ కోయాలన్నది మనిషే నిర్ణయించాలి.

నాకు నిజంగా బాధ కలిగించేది వేరే ఉంది. మన ఇళ్లలో అమ్మలు కాళ్లు ఇంతగా వంగే దాకా ఎందుకు ఆగుతున్నారు? అమ్మ ఎప్పుడూ "వంకరైతే ఏమైందే, నడుస్తున్నాగా" అనేది. మనవరాలి పెళ్లి అయ్యాక, కోతలు అయ్యాక అనేది. మందులతో నెట్టుకురండి, మరీ నడవలేనప్పుడు చూద్దాం అని డాక్టర్లు కూడా అంటారు. నొప్పి ఒక్కటే లెక్కయితే ఆ మాట సరే. కానీ వంపు పెరుగుతుంటే లెక్క మారుతుంది. వంపు తక్కువగా ఉండి, వయసు తక్కువైతే, కింది ఎముకను కోసి తిన్నగా చేసే ఆపరేషన్‌తో సొంత కీలునే చాలా ఏళ్లు కాపాడుకోవచ్చు. లిగమెంట్లు బాగుండి లోపలి వైపే అరిగితే సగం మోకాలి మార్పిడి సరిపోవచ్చు. అవీ దాటాక మామూలు పీఎస్. ఎముక కుంగాక స్టెమ్, దిమ్మె, సీసీకే. ఆగిన ప్రతి దశలోనూ ఇంప్లాంట్ ఒక మెట్టు ఎక్కుతుంది. నొప్పి భరించగలరా అని మాత్రమే కాదు, వంపు పెరుగుతోందా అని ఏటా ఒక పొడుగు ఎక్స్‌రే తీసి చూసుకోవాలి. అది పెద్ద ఖర్చు కాదు.

ఇంకో మాట. స్వీడన్ 1975 నుంచి, ఆస్ట్రేలియా 1999 నుంచి, ఇంగ్లాండ్, వేల్స్ 2003 నుంచి ప్రతి మోకాలినీ నమోదు చేసి, ఏది ఎన్నాళ్లు నిలిచిందో లెక్క కడుతున్నాయి. మన దగ్గర నమోదు సర్జన్ల ఇష్టం మీద ఉంది. చిన్న ఎముకలు, వంగిన తొడలు, కింద కూర్చునే అలవాటు, ఇంత ఆలస్యంగా వచ్చే వంపులు ఉన్న మన ఆడవాళ్లలో ఏ ఇంప్లాంట్ ఎలా నిలుస్తుందో ఇతర దేశాల లెక్క పూర్తిగా చెప్పలేదు. ధరకు హద్దు పెట్టిన ప్రభుత్వం నమోదును కూడా తప్పనిసరి చేయాలి.

అమ్మ కుడి కాలికి పీఎస్ వేశారు. గుంటకు ఆమె ఎముకే అతికించి, కింద పొట్టి స్టెమ్ దించారు. సీసీకే సెట్ గదిలోనే ఉంది, విప్పాల్సిన అవసరం రాలేదని డాక్టర్ గారు బయటికొచ్చి చెప్పారు. కాలు తిన్నగయ్యేసరికి కాస్త పొడుగయింది, వంగిన ఎడమ కాలు పొట్టిగా తోస్తోంది. రెండు కాళ్లూ బాగా వంగినవాళ్లకు ఇలా జరుగుతుందని ముందే చెప్పారు కాబట్టి కంగారు పడలేదు, ఎడమ చెప్పు కింద మందపాటి అట్ట వేయించాం. ఎడమ కాలికి పొడుగు ఫిల్మ్ తీయించాం. అక్కడ గుంట తక్కువగానే ఉంది, స్టెమ్ అక్కర్లేకపోవచ్చు అన్నారు. అంచనా కాగితంలో మాత్రం ఈసారి స్టెమ్‌కూ సీసీకేకూ విడివిడిగా ధర రాయించుకున్నాను.